కెరీర్ మధ్యలో ఆగిపోయిన బాక్సింగ్ ఛాంపియన్ల ఫైట్లు: ఒక డీవీడీ సెట్ రివ్యూ

పాత బాక్సింగ్ ఫైట్లు సేకరించి డిస్కుల్లో వేసి అమ్మే కలెక్టర్లు అమెరికాలో ఇంకా ఉన్నారు. అలాంటి ఒకాయన దగ్గర కొన్న నాలుగు డీవీడీల సెట్ ఇది, ఖరీదు 60 డాలర్లు. యాక్సిడెంట్ వల్లో, ప్రత్యర్థి కొట్టిన దెబ్బల వల్లో కెరీర్ మధ్యలోనే ఆగిపోయిన ఛాంపియన్ల పెద్ద ఫైట్లు ఇందులో ఉన్నాయి. ముందే చెప్పేస్తున్నా: ఫైట్ల కోసం తప్పకుండా కొనండి, ఒక్కో ఫైట్‌కి ముందు వెనకా ఆయన అతికించిన ఏడుపు మ్యూజిక్ వీడియోలు మాత్రం దాటేయండి. నుజ్జయిన కారు ఫొటో, అంత్యక్రియల ఫొటోలు, వెనకాల వయొలిన్. వీళ్లు ఎలా పోయారో తెలుసుకోడానికి డిస్కు అక్కర్లేదు కదా, ఎలా ఆడేవాళ్లో చూడ్డానికే ఇది కావాలి.

మొదటి డిస్కు సాల్వడార్ సాంచెజ్‌ది. సెట్ మొత్తంలో ఇదే బెస్ట్. మెక్సికో కుర్రాడు, 1980 ఫిబ్రవరిలో డానీ లోపెజ్‌ని ఓడించి డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) ఫెదర్‌వెయిట్ (బాక్సర్లని బరువుని బట్టి విడదీసే తరగతుల్లో ఒకటి) టైటిల్ తీసుకున్నాడు, తర్వాత తొమ్మిదిసార్లు దాన్ని నిలబెట్టుకున్నాడు. 1981 ఆగస్టులో విల్‌ఫ్రెడో గోమెజ్‌తో ఆడిన ఫైట్ పూర్తిగా ఉంది. గోమెజ్ అప్పటిదాకా గెలిచిన 32 ఫైట్లూ నాకౌట్లే, ఓటమి అన్నది తెలియదు. అలాంటివాణ్ణి సాంచెజ్ మొదటి రౌండ్లోనే కింద పడేశాడు, 8వ రౌండ్లో ముగించేశాడు. ఇది చాలాచోట్ల దొరుకుతుంది. నేను అసలు ఈ సెట్ కొన్నది మాత్రం 1982 జులై 21న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అజుమా నెల్సన్‌తో జరిగిన 15 రౌండ్ల ఫైట్ కోసం. నెల్సన్‌ది ఘనా, అప్పటికి అమెరికాలో ఎవరికీ పెద్దగా తెలియదు, వేరే బాక్సర్ తప్పుకుంటే ఆఖరి నిమిషంలో వచ్చాడు. వచ్చి ఛాంపియన్‌కి చెమటలు పట్టించాడు. సాంచెజ్ ఎక్కడా కంగారు పడడు, అవతలివాడి చెయ్యి వచ్చేదాకా ఆగి కౌంటర్ కొడతాడు, రౌండ్లు గడిచేకొద్దీ మనుషులు నెమ్మదిస్తారు, ఇతను స్పీడు పెంచుతాడు. చివరికి 15వ రౌండ్లో రెఫరీ ఫైట్ ఆపేశాడు, సాంచెజ్ గెలిచాడు. కట్లేమీ లేకుండా, రౌండ్ల మధ్య కార్నర్‌లో కూర్చున్న నిమిషాలతో సహా ఉంది కాబట్టి ఇదంతా కనిపిస్తుంది, హైలైట్స్‌లో అయితే రెండు నాక్‌డౌన్లు చూపించి వదిలేస్తారు.

ఆ ఫైట్ అయిన మూడు వారాలకే, ఆగస్టు 12న, మెక్సికోలో హైవే మీద తన పోర్షే కారు ట్రక్కుని గుద్దుకుని సాంచెజ్ చనిపోయాడు. వయసు 23. నెల్సన్ 1984లో అదే గోమెజ్‌ని ఓడించి అదే టైటిల్ అందుకున్నాడు, తర్వాత ఆఫ్రికా గర్వంగా చెప్పుకునే బాక్సర్లలో ఒకడయ్యాడు. సాంచెజ్, నెల్సన్ మళ్లీ ఎదురుపడితే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ బాధే. ఆ బాధ పెట్టేది ఫైటే, కారు ఫొటో కాదు.

రెండో డిస్కులో జపాన్ ఫ్లైవెయిట్ మసావో ఓబా. మనవాళ్లలో బాక్సింగ్ చూసేవాళ్లకి కూడా ఈ పేరు తెలిసింది తక్కువ. 1973 జనవరి 2, టోక్యో, థాయిలాండ్‌కి చెందిన చార్ట్‌చాయ్ చియోనోయ్ ప్రత్యర్థి. మొదటి రౌండ్లోనే ఓబా పడ్డాడు, పడ్డప్పుడు కాలి మడమ దగ్గర బెణికింది, కుంటుతూనే లేచాడు. అక్కణ్ణుంచి రౌండు రౌండుకీ పుంజుకుని 12వ రౌండ్లో చియోనోయ్‌ని పదే పదే కింద పడేసి గెలిచాడు. కామెంటరీ జపనీస్‌లో ఉంది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఏమీ నష్టం లేదు, ఆ గొంతులో టెన్షన్ వింటుంటే చాలు. 23 రోజుల తర్వాత టోక్యో ఎక్స్‌ప్రెస్‌వే మీద కొర్వెట్ కారు యాక్సిడెంట్‌లో పోయాడు. ఇతనికీ 23 ఏళ్లే. ప్రింట్ కొంచెం మసకగా ఉంది, రంగులు వెలిసిపోయాయి, అయినా రౌండ్లన్నీ ఉన్నాయి కాబట్టి నాకు ఓకే.

ఇదే డిస్కులో ఉన్న మార్సెల్ సెర్డాన్ భాగం నిరాశపరిచింది. 1948 సెప్టెంబరులో టోనీ జేల్‌ని ఓడించి మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయిన ఫ్రెంచ్ బాక్సర్. ఆ ఫైట్ జరిగింది జెర్సీ సిటీలోని రూజ్‌వెల్ట్ స్టేడియంలో. ఇప్పుడు అక్కడ స్టేడియం లేదు, 1985లో కూలగొట్టి ఇళ్లు కట్టేశారు. జెర్సీ సిటీలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉంటారు, ఈ సంగతి ఎంతమందికి తెలుసో మరి. 1949 జూన్‌లో డెట్రాయిట్‌లో జేక్ లామోటాతో ఆడేటప్పుడు మొదటి రౌండ్లోనే భుజం దెబ్బతింది, దాదాపు ఒంటిచేత్తో 9 రౌండ్లు లాగి పదో రౌండ్‌కి లేవలేకపోయాడు. రీమ్యాచ్ కోసం న్యూయార్క్ వస్తుంటే అక్టోబరులో ఎయిర్ ఫ్రాన్స్ విమానం అజోర్స్ దీవుల్లో కొండని గుద్దుకుంది, 48 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఇంత కథ ఉన్న మనిషికి ఈ సెట్‌లో ఫైట్ తక్కువ, గాయని ఎడిత్ పియాఫ్‌తో ఆయన ప్రేమ గురించి స్లైడ్లు ఎక్కువ. లామోటా ఫైట్ ముక్కలు ముక్కలుగా ఉంది, భుజం జారిన చోటు దగ్గరే కట్ పడింది. చూడాల్సింది అదే కదండీ!

మూడో డిస్కు కోసం మళ్లీ డబ్బులు పెట్టమన్నా పెడతాను. 1990 మార్చి 17, లాస్ వేగస్, అమెరికన్ మెల్‌డ్రిక్ టేలర్, మెక్సికో బాక్సర్ హులియో సీజర్ చావెజ్. ఇద్దరికీ అప్పటిదాకా ఓటమి లేదు. 12వ రౌండ్లో ఇంకా 2 సెకన్లు ఉందనగా రెఫరీ రిచర్డ్ స్టీల్ ఫైట్ ఆపేసి చావెజ్ గెలిచినట్టు ప్రకటించాడు, అప్పటికి ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి స్కోర్‌కార్డుల మీద టేలర్ చాలా ముందున్నాడు. (లోపలిచ్చిన బుక్‌లెట్‌లో ముగ్గురూ టేలర్‌కే ఇచ్చారని రాశారు, తప్పు, ఒక జడ్జి చావెజ్‌కి ఒక పాయింట్ ఎక్కువ ఇచ్చాడు.) ముప్పై ఏళ్లకి పైగా అందరూ ఆ 2 సెకన్ల గురించే కొట్టుకుంటున్నారు. ఫైట్ మొత్తం కూర్చుని చూడండి, మీ ఆలోచన మారుతుంది. టేలర్ చేతుల స్పీడుకి రౌండ్లు గెలుస్తూనే ఉంటాడు, కానీ చావెజ్ కొట్టేది తక్కువైనా ప్రతిదీ లోపలికి దిగుతుంది, పక్కటెముకల మీద, దవడ మీద. చెదపురుగు దూలాన్ని తిన్నట్టు తినేశాడు. పదో రౌండుకే టేలర్ ముఖం వాచిపోయి రక్తం మింగుతున్నాడు. ఫైట్ తర్వాత హాస్పిటల్లో చేర్చారు, కంటి దగ్గర ఎముక విరిగింది. 1991లో వెల్టర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు నిజమే, కానీ 1984 ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే గోల్డ్ కొట్టిన ఆ మెరుపు మనిషి మళ్లీ కనిపించలేదు. నా ఉద్దేశంలో రెఫరీ టేలర్ కెరీర్ ఆపలేదు, చావెజ్ ఆపాడు, అదీ ఆ చివరి క్షణానికి ఎంతో ముందే. పూర్తి ఫైట్ చూడకుండా ఈ మాట అనడం కుదరదు, అందుకే ఈ డిస్కు విలువ.

నాలుగోది అమెరికన్ జెరాల్డ్ మెక్‌లెలన్, బ్రిటిష్ బాక్సర్ నైజెల్ బెన్ ఫైట్, 1995 ఫిబ్రవరి, లండన్. ఆ ఫైట్ దెబ్బలకి మెక్‌లెలన్ మెదడులో రక్తం గడ్డకట్టింది, ప్రాణం దక్కింది గానీ చూపు పోయింది. పదో రౌండ్లో అతను కళ్లు ఆర్పుతూ మోకాలి మీద కూర్చోవడం చూడటం నా వల్ల కాదు. పిల్లలున్న ఇంట్లో ఈ డిస్కు పెట్టకండి.

ఇక వస్తువు సంగతి. డిస్కులు కంప్యూటర్లో బర్న్ చేసినవే, ఒకటి నా ప్లేయర్‌లో మధ్యలో ఆగింది, అమ్మినాయనకి మెయిల్ పెడితే మాటాడకుండా ఇంకోటి పంపాడు, ఆ విషయంలో మనిషి మంచివాడు. రౌండ్లవారీగా చాప్టర్లు పెట్టాడు, రిమోట్‌తో నేరుగా 12వ రౌండ్‌కి పోవచ్చు, ఇది చాలా ఉపయోగం. రీజియన్ లాక్ లేదు, ఇండియాకి పట్టుకెళ్లినా ఆడుతుంది, డీవీడీ ప్లేయర్ ఇంకా ఉంటే. బుక్‌లెట్ చదవక్కర్లేదు. బాక్సింగ్ కొత్తగా చూస్తున్నవాళ్లయితే సాంచెజ్ డిస్కుతో మొదలెట్టండి. టేలర్ ఫైట్‌కి సాయంత్రం ఖాళీ ఉంచుకోండి. ఆయన డిస్కులు విడిగా కూడా ఒక్కోటి 18 డాలర్లకి ఇస్తాడు, బడ్జెట్ తక్కువైతే ఒకటీ మూడూ తీసుకోండి, సెర్డాన్ భాగం సరిచేసేదాకా రెండోది ఓబా మీద ఇష్టం ఉన్నవాళ్లకే.