పాతూరు కొలిమి: మచ్చుకత్తి పదును ఎందుకు నిలుస్తుంది

అనంతపురం పాతూరులో బొగ్గు కొలిమి మీదే పని నడిపే కమ్మరి షాపు ఇది. తిత్తి పోయి చిన్న బ్లోయర్ వచ్చింది. దాగలి, సమ్మెట, పట్టకారు మాత్రం అవే. మచ్చుకత్తులకు లారీ కమాన్ కట్ట ముక్కలు వాడతారు. సరైన ఎంపిక: అందులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. గ్రిల్ పనికి వాడే పట్టీలో 0.2 దగ్గరే. దాన్ని ఎంత కాల్చి ముంచినా పదునెక్కదు. అలాంటి ముక్క తీసుకెళ్తే ఆ మాట ముందే చెప్పి తిప్పి పంపుతారు.

పదును పెట్టేటప్పుడు, అంటే కత్తిని కాల్చి ముంచి గట్టిపరిచేటప్పుడు, దగ్గరుండి చూడండి. చల్లటి ఇనుములో పరమాణువులు ఘనాకారపు గళ్లుగా, గడి నడుమ ఒకటి చొప్పున పేర్చుకుని ఉంటాయి. అందులో కార్బన్‌కు చోటు దాదాపు లేదు. సుమారు 730 డిగ్రీలు దాటాక ఆ పేర్పు మారుతూ, గడి ముఖాల నడుమకి పరమాణువులు సర్దుకుంటాయి. కార్బన్ అందులో కరుగుతుంది. ఠక్కున చల్లారిస్తే బయటపడే టైము దొరక్క లోపలే ఇరుక్కుంటుంది. దాంతో పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారలేవు. గట్టిదనమంతా అక్కడిదే. ఎర్రటి ఇనుము సమ్మెట దెబ్బకు పగలకుండా సాగేది ఆ పొరలు జారబట్టే. ఎలక్ట్రాన్లు ఏ ఒక్క జంటకీ కట్టుబడకుండా పరమాణువులన్నిటి మధ్యా తిరుగుతుంటాయి గనక, పొర జరిగినా పట్టు తప్పదు.

కాక చాలిందో లేదో వైరుకు కట్టిన అయస్కాంతంతో చూస్తారు. 770 డిగ్రీల దగ్గర ఇనుము దానికి అంటడం మానేస్తుంది. ఇంకాస్త కాచి నూనెలో ముంచుతారు. మరీ కాగితే లోపలి రేణువులు పెద్దవై, విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తాయి. తెల్లగా కాగి రవ్వలు రాలాయంటే ఆ భాగం కోసెయ్యాల్సిందే.

ముంచిన కత్తి గాజంత పెళుసు. చాలా చోట్ల ఆ దశలోనే చేతికిస్తారు, ఎముక తగలగానే అంచు ఊడుతుంది. వీళ్లు అంచును ఆకురాయితో తెల్లగా రుద్ది, వెన్ను వైపు నుంచి మళ్లీ కాస్తారు. ఆ తెలుపు మీద ఎండుగడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరుసగా పాకుతాయి. మాంసం కత్తికి గడ్డి రంగు దగ్గరే, అంటే 220, 230 డిగ్రీలకే ఆపుతారు. కట్టెలు కొట్టే దానికి ఊదా దాకా పోనిస్తారు. ఈ ఒక్క పని కోసమే ఇక్కడికి వెళ్లొచ్చు.

లోపం ఒకటే. రద్దీ ఉంటే నూనె వదిలి నీళ్లలో ముంచేస్తారు. కమాన్ కట్టకు నీళ్లు మరీ చురుకు, అంటే మరీ ఠక్కున చల్లారుస్తాయి. అంచు వంకర పోతుంది, వెంట్రుకంత బీట పడుతుంది. నూనె అని ముందే గట్టిగా చెప్పండి. తీసుకునేటప్పుడు తట్టి వినండి, ఖంగుమనకపోతే తిరిగిచ్చేయండి. తర్వాత గ్రైండింగ్ మిషన్ మీద సాన పట్టిస్తే మాటిమాటికీ నీళ్లలో ముంచమనండి. అంచు నీలమెక్కితే పదును దిగిపోయినట్టే.