ఏడేళ్లుగా వాడుతున్న ఆయిల్ ప్రెషర్ గేజ్: ఎర్ర లైటు కన్నా ముల్లే నయం

ఈ గేజ్ నేను సరదాకి కొన్నది కాదు. ఏడేళ్ల కిందట మా పాత పెట్రోల్ కారు బాగా వేడెక్కి స్లో రన్నింగులో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడల్లా మీటరు బోర్డులో ఆయిల్ లైటు మినుకుమినుకుమనేది. దానికి తోడు ఇంజన్లోంచి టిక్ టిక్. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు విని, "బేరింగులు పోయాయి సార్, ఇంజన్ దించాలి" అనేశాడు. అప్పటికే రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి, నమ్మబుద్ధయ్యే మాటే. అయినా దించే ముందు ఒకసారి కొలిచి చూద్దామని ఈ మెకానికల్ గేజ్ కిట్టు తెప్పించాను. 100 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దాకా చూపించే డయలు, ఓ గొట్టం, నాలుగైదు అడాప్టర్లు, అంతే.

ఆయిల్ స్విచ్చి (ప్రెషర్ పడిపోతే ఆ లైటు వెలిగించేది) విప్పి ఆ రంధ్రంలో అడాప్టర్ బిగించాలి. చల్లటి ఇంజన్ మీద చూసి మురిసిపోకూడదు. అప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన ఇంజన్ కూడా దర్జాగానే చూపిస్తుంది. అరగంట తిప్పుకొచ్చి చూస్తే స్లోలో 17, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర 38. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ ఉంటే చాలన్నది పాతకాలపు లెక్క. దానికి మించే ఉంది. స్విచ్చి కొత్తది వేయగానే లైటు ఆరిపోయింది. మరి టిక్ టిక్? పొద్దున్నే గట్టిగా, వేడెక్కాక సన్నగా వినిపించేది. ఎక్సాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల భాగం) గాస్కెట్ పక్కన నల్లటి మసి చార చూశాక అర్థమైంది, అక్కడ పొగ లీకవుతోంది. గాస్కెట్ మార్చాక ఆ శబ్దం పోయింది.

నాలుగేళ్ల తర్వాత ఇదే లైటు ఇంకోలా మోసం చేసింది. ఈసారి అసలు వెలగనే లేదు. వేగం పెంచితే మాత్రం పైన టాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు) గలగలమనేవి. గేజ్ పెడితే స్లోలో 16, రెండు వేలకి 30. ఇంకాస్త రేస్ చేస్తే ముల్లు ఎక్కాల్సింది పోయి 22కి జారింది, ఇంకా తొక్కితే 15. నమ్మలేక మూడుసార్లు చూశాను. బేరింగులు అరిగితే వేడి మీద స్లోలో తక్కువ చూపించి, రేస్ చేసేకొద్దీ ఎంతో కొంత పెరుగుతుంది. ఇలా దిగుతోందంటే పంపుకి ఆయిల్ అందడం లేదనిపించింది. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పితే పంపు ఆయిల్ పీల్చే స్ట్రెయినర్ జల్లెడ నిండా జిగట మడ్డి, అందులో తీగలు తీగలుగా సిలికాన్ ముక్కలు. ఎప్పుడో సంప్ బిగించినవాళ్లు గాస్కెట్ పేస్టు దట్టంగా పూశారన్నమాట. లైటు ఎందుకు వెలగలేదంటే, చాలా బళ్లలో ఆ స్విచ్చి ప్రెషర్ 4-7 పీఎస్‌ఐకి పడిపోతే గానీ పలకదు.

శబ్దం ఎక్కడిదో ఈ గేజ్ చెప్పదు. దానికి నేను పొడవాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజన్‌కి ఆనించి, పిడికి చెవి పెట్టి వింటాను (ఫ్యాన్ బెల్టుకి దూరంగా!). కింద నుంచి దబ్ దబ్ అని లోతుగా వస్తూ, ఒక ప్లగ్గు పని ఆపినప్పుడు అది తగ్గితే ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద అనుమానం. ఆ చప్పుడు వింటే మాత్రం నేను బండి నడపను, తోలుకెళ్లకుండా లాగించుకుపోతాను.

తిట్టుకోవాల్సినవీ ఉన్నాయి. కిట్టుతో వచ్చిన గొట్టం పొట్టి. ఓసారి ఎక్సాస్ట్‌కి తగిలి కరిగి, వేడి ఆయిల్ చేతి మీద చిమ్మింది. అడాప్టర్ల మరలు అన్నిటికీ కుదరవు. కుదరనిదాన్ని బలవంతంగా తిప్పితే బ్లాకులో మర పోతుంది. ఇంజన్ ఆపినా ముల్లు ఇప్పుడు 2 దగ్గరే ఆగుతోంది, కాబట్టి ప్రతిసారీ 2 తీసేసి లెక్కేసుకోవాలి.

గొట్టం పొడవైనది వేసుకుని ఇంకా వాడుతున్నాను. పోయిన వారం వేడి మీద స్లోలో, ఆ 2 తీసేశాక 14 వచ్చింది. తేదీ, కిలోమీటర్లతో సహా పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.