కోఠీలో కొన్న ఆవిరి యంత్రం నమూనా: పిస్టన్ బాగుంది, వాల్వు చూసుకోవాలి

తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించడానికి కోఠీలో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో ఆవిరి యంత్రం నమూనాను 1,850 రూపాయలకు కొన్నాను. దీనికి నిప్పూ నీళ్లూ అక్కర్లేదు. చెక్క పీట మీద బిగించిన సిలిండరును పొడవునా కోసి లోపలి భాగాలు కనబడేలా ఉంచారు. చక్రాన్ని చేత్తో తిప్పితే పిస్టనూ, ఆవిరి దారులను తెరుస్తూ మూస్తూ ఉండే పై పెట్టెలోని జారుడు వాల్వూ కదులుతాయి. ఆవిరి వచ్చే దారికి ఎరుపు, పోయే దారికి నీలం రంగు వేశారు.

పిస్టన్ భాగాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. చక్రాన్ని ఒకే వేగంతో తిప్పినా పిస్టన్ ఒకే వేగంతో నడవదని, రెండు కొసల్లో క్షణం ఆగి నడుమ పరుగు తీస్తుందని ఇందులో కళ్లారా చూడవచ్చు. ఇందులో చక్రం ఇరుసుకు బిగించిన చేయి, అంటే క్రాంకు, 2 సెం.మీ., దాన్ని పిస్టనుతో కలిపే కనెక్టింగ్ రాడ్ 8 సెం.మీ. ఉన్నాయి. క్రాంకు నిటారుగా నిలిచినప్పుడు పిస్టన్ సరిగ్గా సగం దారిలో ఉంటుందనే అందరూ అనుకుంటారు. కానీ రాడ్ ఏటవాలుగా ఉండటం వల్ల అది దాదాపు 2.5 మిల్లీమీటర్లు క్రాంకు వైపుకు జరిగి ఉంటుంది. బోర్డు మీద చెబితే నమ్మని పిల్లలు, పీట మీద పెన్సిలు గీత పెట్టి చూపించాక నమ్మారు.

లోపమంతా వాల్వులో ఉంది. ఇది 1782లో జేమ్స్ వాట్ పేటెంటు పొందిన పద్ధతిలో, ఆవిరి పిస్టనును రెండు వైపుల నుంచీ మార్చి మార్చి నెట్టే రకం. పిస్టన్ ఒక కొసకు చేరేసరికి ఆ కొసలోని రంధ్రం తెరుచుకుంటూ ఉండాలి, అవతలి వైపు ఆవిరి బయటికి పోతూ ఉండాలి. నాకిచ్చిన నమూనాలో వాల్వును నడిపే ఎక్సెంట్రిక్‌ను (ఇరుసు మీద నడిమి నుంచి పక్కకు జరిపి బిగించే బిళ్లను) క్రాంకుతో ఒకే వరసలో బిగించారు. దానితో ఆవిరి కొసకు చేరిన పిస్టనును వెనక్కి నెట్టే బదులు అక్కడే అదిమిపెట్టే వైపు వస్తోంది. నిజమైన యంత్రమైతే తిరగనే తిరగదు. దుకాణంలో అడిగితే "చక్రం తిరుగుతోంది కదా సార్" అన్నారు. నాకు బాధ కలిగింది. అది ఎందుకు తిరుగుతుందో చూపించడానికే కదా బడులు ఇలాంటివి కొనేది!

చివరకు ఎక్సెంట్రిక్ మీది చిన్న స్క్రూను నేనే వదులు చేసి, తిరిగే దిశలో క్రాంకు కంటే 90 డిగ్రీలకు కొంచెం ఎక్కువ ముందుకు జరిపి బిగించాను. పిస్టన్ వెనుదిరిగే వేళకు ఆవిరి సిద్ధంగా ఉండాలి కాబట్టి ఆ కొంచెం అదనం అవసరం. ఇప్పుడు పిస్టన్ కొసకు చేరుతుండగా ఎర్ర దారి అంచున సన్నటి సందు తెరుచుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది.

సిలిండరు ఒకటే కావడంతో, కొసలో చిక్కుకోకుండా దాటించే పని బరువైన చక్రానిదే. 1874లో మొదలైన మన సికింద్రాబాదు–వాడి రైలు మార్గం గురించి చెబుతుంటే, రైలింజనుకు ఇలాంటి చక్రం ఎందుకుండదని ఒక అమ్మాయి అడిగింది. రెండు సిలిండర్ల క్రాంకులను 90 డిగ్రీల తేడాతో పెడితే, ఒక పిస్టన్ కొసలో ఉన్నప్పుడు రెండోది నడుమ ఉండి లాగుతుందని చెప్పగలిగాను గానీ, ఒకే సిలిండరున్న ఈ నమూనాలో చూపించలేకపోయాను.

కొనేవారు దుకాణంలోనే చక్రం నెమ్మదిగా తిప్పి, పిస్టన్ కొసకు చేరినప్పుడు ఏ రంధ్రం తెరుచుకుంటోందో చూసిన తరువాతే డబ్బు కట్టాలి.