సాయంత్రం అయిదింటి ఆకలికి ఏది మేలు: గుగ్గిళ్ళా, గుడ్లా, పల్లీలా, మరమరాలా?

డైట్ మొదలుపెట్టి, రోజూ వాకింగో జిమ్మో చేస్తున్నవాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఒకటే. "పొద్దున బాగానే గడుస్తోంది, మధ్యాహ్నం కూడా ఇబ్బంది లేదు. సాయంత్రం అయిదయ్యేసరికి మాత్రం ఆగలేకపోతున్నాం. ఏం తినమంటారు?" ఆఫీసు క్యాంటీన్ పక్కనే కూర్చునేవాళ్ళూ ఇదే అడుగుతున్నారు, పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకి స్టవ్ దగ్గర ఏదో ఒకటి వేయిస్తూ నిలబడే తల్లులూ ఇదే అడుగుతున్నారు. అందుకే మన ఇళ్ళలో మామూలుగా దొరికేవాటినే పక్కపక్కన పెట్టి రాస్తున్నాను. క్యాలరీ అంటే ఏమిటి, ప్రోటీన్ ఎందుకు అన్నవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ముందుగా ఒక మాట. ఈ ఆకలికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. బరువు తగ్గేకొద్దీ ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ రక్తంలో పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే సంకేతాలు తగ్గుతాయి. ఆస్ట్రేలియాలో డైట్ చేసి బరువు తగ్గినవాళ్ళని ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షిస్తే, అప్పటికీ ఆ హార్మోన్లు పాత స్థాయికి రాలేదని 2011లో తేలింది. ఇక వేళ సంగతి. ఎప్పుడు తిన్నాం, ఎప్పుడు పడుకున్నాం అన్నదాంతో సంబంధం లేకుండా, శరీరంలోని గడియారమే ఆకలిని పొద్దున ఎనిమిది ప్రాంతంలో అడుగుకి, రాత్రి ఎనిమిది ప్రాంతంలో పైకి తీసుకెళ్తుందని 2013లో అమెరికాలో చేసిన ఒక పరిశోధన చెప్పింది. అంటే టిఫిన్ మానేయడం చాలామందికి తేలిగ్గా అనిపించడానికీ, సాయంత్రం కష్టంగా ఉండటానికీ కారణం ఉంది. పొద్దున గట్టిగా వ్యాయామం చేసినప్పుడు కాసేపు ఆకలే వేయదు. ఆ లోటు కొందరికి సాయంత్రం తెలుస్తుంది.

ఏది మేలో తేల్చేటప్పుడు అందరూ చూసేది ఆ చిరుతిండిలో ఎన్ని క్యాలరీలున్నాయని. నేను చూసేది అది కాదు. అది తిన్న రోజు రాత్రి కంచంలో అన్నం ఎంత పెట్టుకున్నాం అన్నదే నా కొలత. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 క్యాలరీలు. విపరీతమైన ఆకలితో ఎనిమిదిన్నరకి కూర్చుంటే, రోజూ కన్నా రెండు గరిటెలు ఎక్కువ వెళ్ళిపోవడం ఏమంత కష్టం కాదు. ఆ అన్నం వట్టిదిగా వెళ్ళదు, పప్పూ నెయ్యీ వేపుడూ కూడా దానితో పెరుగుతాయి. చివర్లో పెరుగన్నం, దానికో ఆవకాయ ముక్క. సాయంత్రం 100 క్యాలరీలు మిగిల్చామని సంతోషించి రాత్రి 400 ఎక్కువ తినడం వల్లే చాలామందికి "ఏమీ తినడం లేదు, అయినా తగ్గడం లేదు" అనిపిస్తుంది. కాబట్టి సాయంత్రం తినేది మూడు, మూడున్నర గంటలు నిలబడాలి. ఈ ఒక్క విషయంలో గట్టెక్కినదే నా దృష్టిలో మంచిది.

ఏమీ తినకుండా ఓర్చుకోవడం ఒక దారి. రాత్రి భోజనం ఆరున్నర, ఏడు గంటలకే ముగించగలిగేవాళ్ళకి అది నిజంగా బాగా పనిచేస్తుంది. వాళ్ళకి నేను చిరుతిండి వద్దనే చెబుతాను, భోజనమే ముందుకి జరుపుకోమంటాను. కానీ ఇంట్లో అందరూ కలిసి తినేది తొమ్మిదింటికయితే, ఒక్కరికోసం ఆ పద్ధతి మారదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎనిమిది గంటలు ఖాళీ కడుపుతో ఉండి, ఆ తర్వాత కొలిచి తినమంటే ఎవరివల్లా కాదు. మధ్యలో టీలూ కాఫీలూ తాగి ఆకలి చంపుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. పైగా సాయంత్రం ఆరు తర్వాతి కాఫీ నిద్ర చెడగొడుతుంది, నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఇంకా ఎక్కువవుతుంది.

మరమరాలు చూడటానికి బాగుంటాయి. 30 గ్రాములకే పెద్ద గిన్నె నిండుతుంది, క్యాలరీలు 110-120 మాత్రమే. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపితే రుచికీ లోటు లేదు. కానీ వాటిలో ఉన్నది దాదాపు అంతా పిండిపదార్థం, ప్రోటీన్ సుమారు రెండు గ్రాములే. తిన్న గంటకి కడుపులో ఏమీ లేనట్టే ఉంటుంది. అది సరిపోక కాస్త కారప్పూస, కాస్త మిక్చర్ కలుపుకుంటాం, దాంతో తేలికదనమూ పోతుంది. రాయలసీమలో బొరుగులతో ఉగ్గాణి చేసుకుంటారు, దానికి మిరపకాయ బజ్జీ జోడీ. అది టిఫిన్, ఆ రుచి వేరు, దాన్ని డైట్ లెక్కలోకి తేను.

పల్లీలకి ఎదురు సమస్య. ప్రోటీన్ ఉంది, పీచు ఉంది, మంచి కొవ్వు ఉంది, గుప్పెడు తింటే చాలాసేపు నిలుస్తాయి. కాని ఆ గుప్పెడు దగ్గర ఆగాలి. 100 గ్రాములకి 500 పైనే క్యాలరీలు. 30 గ్రాములు కొలిచి గిన్నెలో వేసుకుని డబ్బా మూత పెట్టి లోపల పెట్టేయగలిగితే పల్లీలు నాకు సమ్మతమే. టీవీ ముందు డబ్బా ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు మాత్రం వాటి జోలికి పోకండి. వేయించినవాటికన్నా పొట్టుతో ఉడకబెట్టిన పచ్చి వేరుశెనక్కాయలు మేలు. ఒక్కోటి ఒలుచుకుని తినాలి కాబట్టి చెయ్యి నెమ్మదిస్తుంది, ఉడకడంలో నీరు పట్టి కాయ బరువూ పెరుగుతుంది.

ఇక అసలు పోటీ గుడ్లకీ గుగ్గిళ్ళకీ మధ్యే.

రెండు ఉడకబెట్టిన గుడ్లు అంటే సుమారు 150 క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. పది నిమిషాల పని. నూనె అక్కర్లేదు, కొలత తప్పే అవకాశం లేదు, ఆఫీసుకి డబ్బాలో పట్టుకెళ్ళవచ్చు. వ్యాయామం చేసేవాళ్ళకి కండ నిలబడటానికి కావాల్సిన ప్రోటీన్ గుడ్డులో ఉన్నంత నాణ్యంగా పప్పుల్లో ఉండదు, ఇది ఒప్పుకోవాలి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో 1995లో 38 రకాల ఆహారాలని 240 క్యాలరీల చొప్పున పెట్టి, ఏది ఎంత కడుపు నింపుతుందో కొలిచారు. తెల్ల బ్రెడ్డుకి 100 అనుకుంటే గుడ్లకి 150 వచ్చింది, పప్పు జాతికి చెందిన లెంటిల్స్‌కి 133. పల్లీలకి 84 మాత్రమే. అన్నిటికంటే పైన నిలిచింది ఉడకబెట్టిన బంగాళాదుంప, 323తో. మనం దాన్ని వేపుడు చేస్తాం కాబట్టి చెడ్డపేరు వచ్చింది కానీ, ఉప్పూ మిరియాలపొడీ చల్లిన ఉడికిన దుంప అంత చెడ్డదేమీ కాదు.

ఈ లెక్క చూపించి గుడ్లే గెలిచాయని నాతో వాదించినవాళ్ళున్నారు. ఆ కొలత తిన్న తర్వాత రెండు గంటలవరకే. మనకి కావాల్సింది అయిదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా. నాకు గుగ్గిళ్ళ మీద గురి కుదిరింది ఆ చివరి గంటన్నరలోనే. గుడ్డులో పీచు అసలు లేదు, సెనగల్లో దండిగా ఉంది. సెనగలోని పిండిపదార్థం కూడా నెమ్మదిగా అరుగుతుంది. 1982లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఒక పూట లెంటిల్స్ పెట్టి చూస్తే, ఆ తర్వాతి పూట భోజనానికి కూడా రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. ఆకలిని కాదు, చక్కెరని కొలిచిన పరిశోధన అది. అయినా ఒక పూట తిన్న గింజలు తర్వాతి పూటని కూడా కాస్తాయన్న విషయం మన ప్రశ్నకి చాలా దగ్గరది. నమలడం మరో లాభం. రెండు గుడ్లు రెండు నిమిషాల్లో అయిపోతాయి, కప్పు గుగ్గిళ్ళకి పది నిమిషాలు పడుతుంది. మెదడుకి తిన్నామన్న కబురు అందడానికి ఆ టైమ్ కావాలి.

కొలత ఇలా పెట్టుకోండి. మనిషికి 40 గ్రాముల ఎండు సెనగలు, అంటే నానితే రెండు గుప్పెళ్ళు. నూనె లేకుండా 150 క్యాలరీల లోపు, ప్రోటీన్ దాదాపు 8 గ్రాములు. తాలింపుకి ఒక చిన్న చెంచా నూనె వేస్తే ఇంకో 45. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ చాలు. పచ్చికొబ్బరి కోరు పండగ రోజుకి ఉంచుకోండి. దించాక ఉల్లిపాయ, కీరా ముక్కలు, నిమ్మరసం కలిపితే గిన్నె నిండుతుంది, క్యాలరీలు పెద్దగా పెరగవు. నల్ల సెనగలే వాడండి. తెల్లవాటికన్నా పొట్టు ఎక్కువ, నమలడమూ ఎక్కువ.

"గ్యాస్ పడుతుంది" అన్నది గుగ్గిళ్ళ మీద వచ్చే న్యాయమైన ఫిర్యాదు. రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికిస్తే చాలావరకు తగ్గుతుంది. మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టండి, పేగులకి అలవాటు కావాలి. అప్పటికీ పడకపోతే పెసలతో చేసుకోండి, అవి తేలిక, నాలుగైదు గంటలు నానినా చాలు. అలసందలు మధ్యస్తం. శ్రావణమాసంలో వాయనం సెనగలు ఇంటినిండా ఉన్నప్పుడు ఏం చేయాలో తోచదంటారు కదా, ఉడికించి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిశ్చింత. రోజూ నానబెట్టడం కుదరదన్న వంక కూడా దాంతో పోతుంది. అసలు ఈ పనిలో జనం ఓడిపోయేది రుచి దగ్గర కాదు, అయిదింటికి చేతికి అందేలా సిద్ధంగా లేకపోవడం దగ్గరే. అలాంటి రోజు బిస్కెట్ ప్యాకెట్టే ముందుగా కనిపిస్తుంది. ఓట్స్ అనీ డైజెస్టివ్ అనీ ఏ పేరు రాసి ఉన్నా, బిస్కెట్ అంటే మైదా లేదా గోధుమపిండి, చక్కెర, నూనె.

గుగ్గిళ్ళ తర్వాత ఒక గ్లాసు పలచటి మజ్జిగ తాగండి. ఒంటరిగా మజ్జిగ ఆకలి తీర్చదు, పలచటివి కడుపులో ఎక్కువసేపు ఉండవు. కానీ చెమట పట్టేవాళ్ళకి నీళ్ళూ ఉప్పూ అందుతాయి, మన వేసవిలో అది చిన్న సంగతి కాదు. దాహాన్నే ఆకలి అనుకునే రోజులు కూడా ఉంటాయి. జామకాయ మంచిదే, గుగ్గిళ్ళకి తోడుగా సగం కోసుకోండి. వే ప్రోటీన్ పౌడర్ (పాలవిరుగుడు నుంచి తీసే ప్రోటీన్ పొడి) వ్యాయామం అయ్యాక ప్రోటీన్ లెక్క పూర్తి చేయడానికి పనికొస్తుంది, అయిదింటి ఆకలికి దాన్ని నమ్ముకోవద్దు.

గుడ్లని నేను పక్కన పడేయడం లేదు. సాయంత్రమే జిమ్‌కి వెళ్ళేవాళ్ళకి గుగ్గిళ్ళు కడుపులో బరువుగా ఉంటాయి, కనీసం గంటన్నర ముందు తినాలి. అంత వ్యవధి లేకపోతే వెళ్ళేముందు అరటిపండు, వచ్చాక రెండు గుడ్లు సరిపోతాయి. పొద్దున వ్యాయామం చేసేవాళ్ళయితే గుడ్లు టిఫిన్‌లో తిని, సాయంత్రానికి గుగ్గిళ్ళు పెట్టుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే బాగా కుదిరే అమరిక.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా పడగొట్టే మాత్రలు గానీ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆకలితోపాటు వణుకు, చల్లటి చెమట, గుండెదడ ఉంటే అది డైట్ ఆకలి కాదు, చక్కెర పడిపోవడం. అప్పుడు గుగ్గిళ్ళు నమలుతూ కూర్చోకూడదు, చక్కెర నీళ్ళు తాగాలి, తర్వాత డాక్టర్‌కి చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పప్పుగింజల కొలత డాక్టర్‌ని అడిగాకే నిర్ణయించుకోండి.

మీకు ఏది సరిపోతుందో చూసుకోవడానికి వారం చాలు. మూడు రోజులు గుడ్లు, మూడు రోజులు గుగ్గిళ్ళు, ఒకే వేళకి తినండి. రాత్రి అన్నం ఒకే గరిటెతో పెట్టుకుని ఎన్ని గరిటెలయ్యాయో క్యాలెండర్ మీద రాసి పెట్టండి. సాయంత్రం తింటున్నా రాత్రి గరిటెలు తగ్గకపోతే, ఆ చిరుతిండి మీకు ఆకలి తీర్చేది కాదు, ఇంకో పూట భోజనం. అప్పుడు దాన్ని మానేసి, రాత్రి భోజనాన్ని గంట ముందుకి జరపండి.