32 నిమిషాలు, 14 పాటలు: చిత్తూరు బస్సులో మిట్స్కీ

పొద్దున తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కానంటే గంటన్నర పైగా సమయం నా చేతిలో ఉంటుంది. 70 కిలోమీటర్లు, రోజూ అదే దారి. ఇన్నాళ్లూ పాత సినిమా పాటలు వినేదాన్ని, లేదంటే కిటికీకి తల ఆనించి నిద్రపోయేదాన్ని. రెండు నెలలుగా మాత్రం ఒకే ఆల్బమ్ వింటున్నాను, మిట్స్కీ అనే అమెరికన్ గాయని ఇంగ్లీషులో పాడిన ‘బీ ద కౌబాయ్’. 2018 ఆగస్టులో వచ్చింది, కొత్తదేం కాదు. దీని గురించి మన భాషలో ఎవరైనా రాశారేమో అని వెతికాను, నాకు దొరకలేదు. ఇంత విన్నాక ఊరికే ఉండబుద్ధి కాక నేనే రాస్తున్నాను.

నాకు ఇది ఎలా తగిలిందంటే, మా అక్క కూతురు ఇక్కడే పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదువుతోంది. ఒకరోజు దాని ఫోన్లో ఏదో రీల్ వెనక ‘వాషింగ్ మెషీన్ హార్ట్’ అనే పాట ముక్క వినిపించి, బాగుందే ఇది, ఎవరు పాడింది అన్నాను. అంతే, పట్టుకుంది. “చిన్నమ్మా, ఆ పదిహేను సెకన్లు విని బాగుందంటే ఎట్లా? మొత్తం విను. వరసగా విను, షఫుల్ పెట్టొద్దు” అని అప్పటికప్పుడు లింకు పంపించింది. అది చెప్పిన మాట ఎంత నిజమో తర్వాత తెలిసింది. నేను వాడే యాప్‌లో డబ్బు కట్టకపోతే పాటల వరస దాని ఇష్టం, మధ్యలో ప్రకటనలు. మొదటి రెండు రోజులు అలాగే విన్నాను, తలా తోకా తెలియలేదు. మూడో రోజు డబ్బు కట్టి మొదటి పాట నుంచి పెట్టాను, అప్పుడు అసలు సంగతి అర్థమైంది.

మిట్స్కీ జపాన్లో పుట్టింది. అమ్మ జపనీస్, నాన్న అమెరికన్. ఆయన ఉద్యోగం వల్ల చిన్నప్పుడు దేశాలు తిరుగుతూనే పెరిగింది, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని పర్చేస్ కాలేజీలో సంగీతం చదువుకుంది. మొదటి రెండు ఆల్బమ్‌లూ కాలేజీలో ఉండగానే చేసింది, ఇది ఐదోది. రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ తనే. రికార్డింగు పని చూసుకునే ప్రొడ్యూసర్ ప్యాట్రిక్ హైలాండ్ చాలా ఏళ్లుగా తోడుగా ఉన్నాడు. దీన్ని విడుదల చేసింది డెడ్ ఓషన్స్ అనే ఇండీ కంపెనీ, అంటే పెద్ద మ్యూజిక్ సంస్థల కింద లేనిది. ఆ సంవత్సరం పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక ఏటా వేసే మంచి ఆల్బమ్‌ల జాబితాలో దీన్నే మొదటి స్థానంలో పెట్టింది.

పేరు చూసి గుర్రాలూ టోపీలూ ఉంటాయనుకోకండి. తనకి ధైర్యం చాలనప్పుడు తనకి తాను చెప్పుకునే మాటట అది: సినిమాల్లో కౌబాయ్ ఎవరికీ సారీ చెప్పకుండా, ఎవరి పర్మిషన్ అడగకుండా లోపలికి నడిచొస్తాడు కదా, అలా ఉండు అని. ఈ ఆల్బమ్ కోసం తను ఒక పాత్రని ఊహించుకుంది. పైకి చల్లగా, అన్నీ అదుపులో పెట్టుకుని, లోపల మాత్రం మెల్లగా చెదిరిపోతున్న ఆడమనిషి. నాకు ఇందులో నచ్చిందంతా అక్కడే ఉంది. ఇవి ఏడుపు పాటలు కావు. ఏడుపు ఆపుకుంటున్న మనిషి పాటలు. ఆ తేడా మన ఇళ్లలో పెరిగినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

మొదటి పాట ‘గీజర్’. చర్చిలో వాయించే లాంటి ఆర్గన్‌తో మొదలవుతుంది, దానిమీద గొంతు ఒక్కటే. మొదలైన కాసేపటికే ఒక్కసారి కర్ర్‌మని ఏదో చిరిగినట్టు చప్పుడు. వారం కిందట కొన్న ఇయర్‌ఫోన్స్, అప్పుడే పోయాయా అని గుండె గుభేల్‌మంది. పిన్ను పీకాను, చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టి, పాట వెనక్కి జరిపి విన్నాను. అక్కడే, అదే చోట, అదే చప్పుడు. కావాలనే పెట్టిందన్నమాట! నున్నగా పోతున్న గొంతు కింద ఏదో తెగబోతోందని మొదట్లోనే చెప్పేసింది. నేను అన్నమాచార్య కళామందిరంలో సంకీర్తనలు వింటూ పెరిగినదాన్ని, పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందా అని చెవి దానంతట అదే ఎదురుచూస్తుంది. ఈ పాటలో పల్లవే లేదు. ముందుకి పోతూనే ఉంటుంది, గిటార్లు, డ్రమ్స్ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి, రెండున్నర నిమిషాలు కూడా నిండకుండా అయిపోతుంది.

అన్నీ ఇంతే. 14 పాటలకీ కలిపి 32 నిమిషాల చిల్లర. మూడు నిమిషాలు దాటినవి రెండే రెండు. మొదట్లో నాకు ఇది లోటుగానే అనిపించింది, ఇప్పుడే కదా ఎత్తుకుంది, అప్పుడే అయిపోయిందేంటి అని. పదిసార్లు విన్నాక నాకు తట్టింది ఏంటంటే, మన ఇళ్లల్లో ఆడవాళ్లు మనసులో మాట చెప్పే తీరే ఇది. వంటింట్లో గట్టు తుడుస్తూ తుడుస్తూ రెండు మాటలు అంటారు. మనం తలెత్తి చూసేలోగా గుడ్డ పిండేసి, సరే నీకు పెరుగు వెయ్యమంటావా అని అడుగుతారు. ఇంకొంచెం చెప్తే గొంతు మారిపోతుందని వాళ్లకి తెలుసు, అందుకే ఆపేస్తారు. ఈ పాటలు కూడా సరిగ్గా ఆ చోటనే ఆగిపోతాయి.

‘మీ అండ్ మై హస్బెండ్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. హుషారైన పియానో, పాతకాలం నాటకాల్లో కుర్చీలు మార్చేటప్పుడు వాయించేలాంటి బాణీ. కానీ పియానో కంటే ముందు ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. సరిగ్గా వినండి, బస్సు హారన్లో తప్పిపోయేంత చిన్నది. మా అమ్మ ఫోన్ ఎత్తేటప్పుడు అచ్చం అలాగే ఒక ఊపిరి వదులుతుంది, నేను ఇటువైపు వింటూ ఉంటాను. ఆ తర్వాత గొంతు సవరించుకుని “ఆఁ, బాగుండాం మే. మీ నాయన ఇప్పుడే అన్నం తిన్యాడు” అంటుంది. పాటలో భార్య కూడా అంతే, మేమిద్దరం ఒకరినొకరం వదలకుండా ఉన్నాం, అదే చాలు అని ఉత్సాహంగా పాడుతుంది. మాటల్లో ఎక్కడా ఫిర్యాదు లేదు. తన బతుకు ఎంత చిన్నదైపోయిందో మాత్రం పక్క నుంచి తెలిసిపోతూ ఉంటుంది. మొదటిసారి విన్న రోజు చంద్రగిరి స్టాపు దగ్గర బస్సాగితే కిటికీలోంచి అమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక కూర ఏం చేశావని అడిగాను.

‘నోబడీ’ అందరికీ తెలిసిన పాట, యూట్యూబ్‌లో ఎక్కడ మొదలుపెట్టినా ముందు ఇదే వస్తుంది. మలేషియాలో పండగ సెలవుల్లో ఒంటరిగా చిక్కుబడి, ఎవరూ లేరు ఎవరూ లేరు అని ఏడుస్తూ కూర్చుని, ఆ మాటనే పాటగా చేసుకుందట. మరి బాణీ ఏమిటంటే డిస్కో! పెళ్లి ఊరేగింపులో వేసినా కాళ్లు ఆడతాయి. కిటికీ తీసి వీధిలో మనుషుల చప్పుడైనా విందామనుకునే మనిషి ఉందందులో. చివరికొచ్చేసరికి ఒకే మాటని అని అని, శ్రుతి పైకి జరిపి మళ్లీ అని, ఆ మాట అర్థం అరిగిపోయి ఉత్త శబ్దంగా మిగిలేదాకా వదలదు. పక్క సీటు ఖాళీగా ఉన్న రోజు ఇది వినడం కష్టం. నేను వింటాను.

‘ఎ పెర్ల్’ పాటలో చేదుగా ముగిసిన పాత బంధాన్ని ఒక ముత్యంలా తలలో పెట్టుకుని రోజూ రాత్రి దొర్లిస్తూ ఉంటుంది. ‘లోన్‌సమ్ లవ్’లో, తను బాగానే ఉన్నానని పాత మనిషికి చూపించడం కోసమే గంటసేపు ముస్తాబవుతుంది, చివరికి ఒక్కతే టాక్సీలో ఇంటికొస్తుంది, అదంతా రెండు నిమిషాల లోపే. ‘ఓల్డ్ ఫ్రెండ్’లో ఇద్దరికీ ఇప్పుడు వేరే వేరే జోడీలు ఉన్నారు, అయినా ఒకసారి కాఫీకి కలుద్దామంటుంది. ఈ మూడూ ఒకే రోజు వరసగా వింటే మూడు కథలు చదివినట్టు ఉంటుంది.

గొంతు రికార్డు చేసిన పద్ధతి గురించి కూడా చెప్పాలి. మామూలుగా స్టూడియోలో గొంతు మీద గొంతు వేసి, కోరస్ కలిపి నిండుగా చేస్తారు. ఇందులో చాలా పాటలకి అలా చేయలేదు. ఖాళీ స్టేజి మీద ఒక్క మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించాలని కావాలనే ఒంటి గొంతు ఉంచేసింది. వెనక ఎన్ని వాయిద్యాలు మోగినా ఆ మనిషి పక్కన ఎవరూ లేరని చెవికి తెలుస్తూనే ఉంటుంది. ఇది ఫోన్ స్పీకర్లో అసలు తెలియదు, ఇయర్‌ఫోన్స్ ఉండాల్సిందే.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ‘బ్లూ లైట్’ నాకు సగం రాసి వదిలేసినట్టే ఉంది, ఎన్నిసార్లు విన్నా మనసు మారలేదు. ‘రిమెంబర్ మై నేమ్’లో గిటార్ల మోత గొంతుని తినేసింది. ‘ఎ హార్స్ నేమ్డ్ కోల్డ్ ఎయిర్’ మెల్లగా పోయే పాట, బస్సులో అయితే ఇంజిను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. దాన్ని మాత్రం రాత్రి మా మేడ మీద విన్నాను, ఎదురుగా కొండమీద ఘాట్ రోడ్డు దీపాలు వరసగా వెలుగుతుంటే. అప్పుడు బాగుంది. ఇంకో సంగతి, రెండో పాట దగ్గర సౌండు కొంచెం తగ్గించుకోండి, మొదటి పాట కోసం పెంచి ఉంటారు కాబట్టి చెవులు అదురుతాయి.

ఇంగ్లీషు రాదని భయపడక్కర్లేదు. మాటలు చాలా తేలిక, పదో తరగతి ఇంగ్లీషు చాలు, పైగా తను ప్రతి అక్షరం స్పష్టంగా పలుకుతుంది. ఆడమనిషి తన మాట తనే కట్టుకుని పాడటం మన వైపు కొత్త సంగతి కూడా కాదు. తరిగొండ వెంగమాంబ ఈ నేల మనిషే, ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇప్పటికీ కొండమీద రాత్రి ఏకాంత సేవలో ఇస్తున్నారు. ఆమె భక్తి వేరు, ఈ అమ్మాయి లోకం వేరు, రెండింటినీ ఒక గాటన కట్టను. కానీ మనం రోజూ వినే సినిమా పాటల్లో ఆడవాళ్ల విరహం చాలావరకు మగవాళ్లు రాసిందే కదా. ఆ పాటలంటే నాకు ప్రాణమే. అయినా ఆ విరహాన్ని అనుభవించినావిడే రాసుకుంటే అందులోకి వాషింగ్ మెషీన్ వస్తుంది, మేకప్‌కి పట్టిన గంట వస్తుంది, టాక్సీ వస్తుంది.

చివరి పాట ‘టూ స్లో డాన్సర్స్’. వయసు మీరిన ఇద్దరు, స్కూల్లో ఆటలాడుకునే హాలు వాసన, అందులో మెల్లగా డాన్సు. ఇకముందు అన్నీ కష్టమవుతాయని ఇద్దరికీ తెలుసు. మా హైస్కూల్లో అలాంటి హాలు లేదు. ప్రార్థన జరిగే వరండా ఉండేది, దాని చివర మధ్యాహ్న భోజనం బియ్యం మూటలు. పోయిన సంక్రాంతికి మా బ్యాచ్ వాళ్లమంతా 20 ఏళ్ల తర్వాత అక్కడ కలిశాం. ఒకప్పుడు నా పక్క బెంచీలో కూర్చున్న అతనూ నేనూ ఆ మూటల దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాం. సుద్దముక్కలు, గోనెసంచుల వాసన అలాగే ఉంది. పిల్లలెంతమంది అన్నాడు, ఇద్దరన్నాను, నీకు అన్నాను, ఒక పాప అన్నాడు. అంతకంటే ఏం మాట్లాడలేదు. ఈ పాట వినేదాకా ఆ ఐదు నిమిషాలు నాకు మళ్లీ గుర్తు రాలేదు.

ఆల్బమ్‌లో ఇదే పెద్ద పాట, 3 నిమిషాల 59 సెకన్లు. తిరుపతిలో ఎక్కగానే పెడితే చంద్రగిరి దాటాక ఎక్కడో వస్తుంది. అందాకా పక్కావిడ ఎవరైనా మాట కలిపితే ఇయర్‌ఫోన్ తీసి పలకరిస్తాను. ఈ పాటకి మాత్రం తీయను.