కుట్టు బైండింగ్ కావాలంటే విశాఖ డాబాగార్డెన్స్ వెనక సందుకే వెళ్ళండి

బోర్డు కూడా లేని చిన్న షాపు. రెండు పాత నోటుబుక్కులు, ఒక కట్ట విడి కాగితాలు ఇచ్చాను. కుట్టు బైండింగ్, క్యాలికో గుడ్డ వీపు, గట్టి అట్ట. 480 రూపాయలు, తొమ్మిది రోజులు పట్టింది. ఐదుకు ఐదు ఇస్తున్నాను. ఎందుకో అర్థం కావాలంటే ఆ కాగితాల్లో ఏముందో కాస్త చెప్పాలి.

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పాను. ఇటలీ, జర్మనీ ఏకీకరణ పాఠాలు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. రొమేనియా ఏకీకరణ మాత్రం నా అంతట నేను చదువుకుని రాసుకున్నది. 1956లో రెండు శాసనసభలు కలిసి ఒకటైన రాష్ట్రం మనది కాబట్టి ఆ కథ నాకు పరాయిగా అనిపించలేదు. తర్వాత రొమేనియాగా కలిసిన రెండు సంస్థానాలు, మోల్దావియాకు, వలాకియాకు, 1858 పారిస్ ఒప్పందం వేర్వేరు పాలకులు, వేర్వేరు సభలు ఉండాలంది. రెండుచోట్లా ఒకే మనిషిని ఎన్నుకోకూడదని మాత్రం రాయలేదు. 1859 జనవరి 5న మోల్దావియా రాజధాని యాష్ నగరంలో ఒక సభ, 24న వలాకియా రాజధాని బుకారెస్ట్‌లో ఇంకో సభ అలెగ్జాండ్రు కుజా అనే ఒకే మనిషిని పాలకుడిగా ఎన్నుకున్నాయి (తేదీలన్నీ అక్కడి పాత క్యాలెండర్‌వి). సభలు రెండూ కలవడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1862లో బుకారెస్ట్ రాజధాని అయింది. యాష్ వాళ్ళ మనసు ఎలా ఉండి ఉంటుందో కర్నూలు వాళ్ళను అడిగితే చెప్తారు.

ఒక నోటుబుక్కు మోల్దావియాది, రెండోది వలాకియాది. విడి కాగితాలన్నీ ఒక్క మనిషి గురించి: బర్బు కతార్జు. కలిసిన దేశానికి మొదటి ప్రధాని, భూస్వాముల పక్షం నాయకుడు, గొప్ప వక్త.

హుద్‌హుద్ రోజు కిటికీ అద్దం పగిలి ఇవన్నీ తడిశాయి. కరెంటు లేదు, మంచాల మీద పరిచి ఆరబెట్టాను. తర్వాత వేరేచోట జిగురు బైండింగ్ చేయిస్తే ఏడాది తిరగకుండానే పేజీలు చేతిలోకి వచ్చేశాయి. ఈ షాపు అబ్బాయి దాన్ని తిప్పి చూసి, "మన ఊరి గాలికి వట్టి జిగురు ఆగదు మేడమ్‌గారూ, ఫారాలు కట్టి కుట్టాల్సిందే" అన్నాడు. విడి కాగితాలను పల్చటి పట్టీలతో రెండేసి జత చేసి, మడిచి, ఫారాలుగా (మడిచిన కాగితాల చిన్న కట్టలుగా) కుట్టాడు. మైదా జిగురు తనే ఉడికిస్తాడు, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తాడు.

ఆరో రోజు ఫోన్ వచ్చింది. ఏం పాడైందోనని టెన్షన్ పడ్డాను. "మేడమ్‌గారూ, ఈయన ఒక పేజీలో చనిపోయాడు, తర్వాతి పేజీలో సభలో మాట్లాడుతున్నాడు. తారీఖు ఒకటే ఉంది. ఏది ముందు?"

వెంటనే ఆటో ఎక్కి వెళ్ళాను. ఆ తారీఖు 1862 జూన్ 8. ఫిలారెత్ మైదానంలో 1848 విప్లవం జ్ఞాపకార్థం తలపెట్టిన బహిరంగ సభను కతార్జు ఒప్పుకోలేదు. దేశపు సంస్థలను ఎవరైనా తొక్కేయడం చూడటం కంటే చావే మేలని ఆ రోజే శాసనసభలో అన్నాడు. బయటికి వచ్చి బండిలో వెళ్తుంటే మెట్రోపాలిటన్ కొండ దగ్గర కాల్చి చంపారు. ఎవరు కాల్చారో ఇప్పటికీ తేలలేదు. నా పేజీలకు నంబర్లు లేవు. ఇతను చదవకుండా కుట్టేసి ఉంటే ఆ వరస శాశ్వతంగా తారుమారయ్యేది.

మా తాతగారు కౌలు రైతు. రైతు వెట్టి నుంచి బయటపడాలి గానీ భూమి మాత్రం భూస్వామిదే, ఇష్టపూర్వకంగా కౌలు ఒప్పందం చేసుకోవాలి అన్న కతార్జు వాదన చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. కౌలుదారుకు బేరమాడే బలం ఎక్కడిది? అదే శాసనసభలో కొగల్నిచానూ అనే మోల్దావియా నాయకుడు రైతుల తరఫున గట్టిగా మాట్లాడాడు. కతార్జు పోయాక సభ అతని వాదన ప్రకారం ఉన్న భూమి బిల్లునే ఆమోదించింది, కుజా సంతకం పెట్టలేదు. చివరికి 1864లో సభను రద్దు చేసి, ఆ తర్వాతే భూమి చట్టం తెచ్చాడు. రైతుకు భూమి వచ్చినందుకు సంతోషిస్తాను, సభ తలుపులు మూసి తెచ్చినందుకు బాధపడతాను. ఆ కాగితాలు పారేయలేకపోవడానికి కారణం ఇదే.

కుట్టే ముందు ఏ నోటుబుక్కు ముందుండాలని కూడా అడిగాడు. ముందు ఓటు వేసింది యాష్ కాబట్టి మోల్దావియా ముందు అన్నాను.

ఒక్క లోపం: అంచులు కోసేటప్పుడు రెండు మూడు పేజీల్లో పెన్సిల్ రాతల చివరి అక్షరాలు పోయాయి. అంచుల దాకా రాసే అలవాటు ఉంటే ముందే చెప్పండి. మిగతా పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది, చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. మధ్యాహ్నం లోపు వెళ్తే తీరిగ్గా మాట్లాడతాడు.

1866 తర్వాతి కాగితాలు వచ్చే నెల ఇస్తాను. ఈసారి నంబర్లు వేసి తెమ్మన్నాడు. నిన్న 112 దాకా వేశాను.