బోర్డు లేని గేర్‌బాక్స్ షెడ్డు: ఒక లే షాఫ్టు మరమ్మతుపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్స్ పని తప్ప మరొకటి ముట్టుకోని ఒక చిన్న షెడ్డు గురించి రాస్తున్నాను. దానికి పేరుబోర్డు లేదు. చుట్టుపక్కల లేత్ దుకాణాలవాళ్లను అడిగితే చూపిస్తారు. నూజివీడు మామిడికాయల లోడుకు తిరిగే మా తమ్ముడి మినీ లారీని అక్కడికి తీసుకువెళ్లవలసి వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఏళ్ల తరబడి మెషిన్ డిజైన్ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, పని జరుగుతున్నంతసేపూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. అది మేస్త్రిగారికి మొదట అంతగా నచ్చలేదని కూడా చెప్పాలి.

గేర్‌బాక్సులో ఊళలాంటి మోత వస్తుంటే, అంతకుముందు మరో వర్క్‌షాపులో లే షాఫ్టు (ఇన్‌పుట్ షాఫ్టు నుంచి శక్తిని మెయిన్ షాఫ్టుకు చేరవేసే పక్క షాఫ్టు) బేరింగులు రెండూ కొత్తవి వేయించాం. నాలుగు నెలలు తిరక్కుండానే పాత ఊళ మళ్లీ మొదలైంది. బేరింగులు నకిలీవని మా తమ్ముడి అనుమానం. ఈ మేస్త్రిగారు మాత్రం ఏ అభిప్రాయమూ చెప్పకుండా తాళంచెవి తీసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గన్నవరం వైపు నాలుగు కిలోమీటర్లు నడిపారు. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే సన్నని మోత ఉంది, పెడల్ తొక్కితే ఆగిపోయింది. రెండు, మూడు గేర్లలో ఊళ పెద్దదైంది, నాలుగులో దాదాపు లేదు, అయిదులో మళ్లీ వచ్చింది. నాలుగో గేరులో ఇన్‌పుట్ షాఫ్టు, మెయిన్ షాఫ్టు నేరుగా కలిసిపోతాయి కాబట్టి లే షాఫ్టు ఊరికే తిరుగుతుందే తప్ప దాని మీద భారం పడదు. మిగిలిన గేర్లన్నిటిలో శక్తి దాని గుండానే వెళ్లాలి. ఒక్క బోల్టు విప్పకుండానే దోషం లే షాఫ్టు దగ్గర ఉందని తేల్చిన ఈ పద్ధతిని నేను తరగతిలో బోర్డు మీద గీసి చెప్పేవాణ్ణి. రోడ్డు మీద వినడం వేరు.

గేర్‌బాక్సు పెట్టె విప్పాక అసలు సంగతి బయటపడింది. ఆ షాఫ్టు రెండు చివరలా 30206 టేపర్ రోలర్ (ఏటవాలు రోలర్ల) బేరింగులు ఉన్నాయి. అంటే లోపలి వ్యాసం 30, బయటి వ్యాసం 62 మిల్లీమీటర్లు. వెనుక బేరింగు కప్పు (బయటి రింగు) బయటి ముఖం అద్దంలా మెరుస్తోంది. కదలకుండా బిగువుగా కూర్చోవలసిన కప్పు కేసింగులో (గేర్‌బాక్సు బయటి పెట్టెలో) మెల్లగా తిరుగుతోందనడానికి అదే గుర్తు. లోపలి ముఖం మీద రోలర్ల ఎడంతో సరిగ్గా సరిపోయే నొక్కుల వరుస ఉంది, అది సుత్తి సంతకం. కొత్త బేరింగును షాఫ్టుకు ఎక్కించేటప్పుడు దెబ్బ రోలర్ల గుండా పోతే కప్పు మీద ఇలాంటి ముద్రలే పడతాయి. బేరింగులు అసలైనవే. వేసిన తీరే వాటిని చంపింది.

కేసింగులో కప్పు కూర్చునే వెనుక రంధ్రమే ఎందుకు అరిగిందన్న ప్రశ్నకు జవాబు డిజైనులోనే ఉంది. షాఫ్టు వంగకుండా ఉండాలని అత్యధిక టార్కు మోసే మొదటి గేరును చాలా పెట్టెల్లో బేరింగుకు దగ్గరగా పెడతారు. ఇందులో అది వెనుక బేరింగు పక్కనే ఉంది. వంపు తగ్గుతుంది, కానీ లోడుతో ఎత్తు ఎక్కిన ప్రతిసారీ ఆ భారమంతా ఎక్కువగా ఆ ఒక్క బేరింగు మీదే పడుతుంది. గేరు పళ్లు ఏటవాలువి కాబట్టి పక్కకు నెట్టే బలం దానికి అదనం. రోలర్ బేరింగు మీద భారం రెట్టింపైతే దాని ఆయుష్షు దాదాపు పదో వంతుకు పడిపోతుందని మా తమ్ముడికి అక్కడే చెప్పాను. పర్మిట్‌కు మించి ఎన్ని బుట్టలు ఎక్కిస్తున్నాడో వాడు మాత్రం చెప్పలేదు.

మేస్త్రిగారు బోర్ గేజ్‌తో మూడు దిక్కుల్లో కొలిచి, వెనుక రంధ్రం కప్పు కంటే 0.06 మిల్లీమీటర్లు వదులుగా ఉందని తేల్చారు. చల్లగా ఉన్నప్పుడే ఇంత వదులైతే వేడెక్కాక చెప్పనక్కరలేదు. కేసింగు అల్యూమినియం, కప్పు ఉక్కు. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 60 డిగ్రీలు వేడెక్కితే 62 మిల్లీమీటర్ల రంధ్రం కప్పు కంటే ఇంకో 0.04 మిల్లీమీటర్లు అదనంగా తెరుచుకుంటుంది. ఇలాంటి చోట జిగురు పూసో, రంధ్రం అంచున పంచ్‌తో చుక్కలు కొట్టో కొత్త కప్పు కూర్చోబెట్టడం మామూలు. చాలా షెడ్లలో చేసేది అదే. ఇక్కడ కేసింగును బోరింగ్ మెషిన్ ఉన్న దుకాణానికి పంపించి, చెడని మెయిన్ షాఫ్టు రంధ్రాన్ని ఆధారంగా తీసుకుని వెనుక రంధ్రాన్ని పెద్దది చేయించి, ఉక్కు బుష్ (గొట్టంలాంటి తొడుగు) దిగగొట్టించి, మళ్లీ సైజుకు కోయించారు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఈ ఒక్క జాగ్రత్తే. బుష్ ఎవరైనా వేస్తారు, కానీ రెండు షాఫ్టుల మధ్య దూరం చెదిరితే పళ్లు కలిసే తీరు మారిపోయి, బేరింగు మోత పోయినా గేరు మోత మొదలవుతుంది.

కొత్త బేరింగులను సుత్తి ముట్టకుండా నూనెలో వేడిచేసి ఎక్కించారు. షాఫ్టు ఆటను, అంటే ముందుకూ వెనక్కూ కదిలే వదులును, డయల్ గేజ్‌తో చూస్తూ షిమ్ములు (సందు సరిచేసే పల్చని రేకులు) మూడుసార్లు మార్చారు. వేడికి కేసింగు పొడవు కూడా సాగుతుంది కనుక చల్లగా ఉన్నప్పుడు కాస్త బిగువు ఉంచాలన్నది ఆయన లెక్క. అది సరైన లెక్కే. పాత నూనె గురించి కూడా హెచ్చరించారు. పాత వర్క్‌షాపువాళ్లు వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 రకం నూనె పోశారు. అలాంటి నూనెల్లో కొన్నిటిలోని గంధకపు రసాయనాలు వేడికి ఇత్తడి సింక్రో రింగులను (గేరు మార్చేటప్పుడు వేగాలను కలిపి మోత లేకుండా పడేలా చేసేవాటిని) తినేస్తాయి. ఈయన జీఎల్-4 పోశారు.

లోపాలూ ఉన్నాయి. శుక్రవారం ఇస్తామన్న బండి ఆదివారం సాయంత్రం చేతికి వచ్చింది. రోడ్డు పక్క షెడ్డు కాబట్టి దుమ్ము ఆగదు, కడిగిన భాగాల మీద కప్పేది పాత న్యూస్‌పేపరే. ఒక కుర్రాడు కడిగిన బేరింగును గాలి పైపుతో గిర్రున తిప్పి ఆడుతుంటే నేనే ఆపవలసి వచ్చింది. నూనె లేకుండా ఆ వేగంలో తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి. మేస్త్రిగారు వాణ్ణి గట్టిగానే మందలించారు, కానీ చెప్పవలసిన అవసరం రాకూడదు. జీఎస్టీ బిల్లు ఇవ్వరు. తెల్ల కాగితం మీద మజూరీ 5,000, బోరింగూ బుష్షూ 2,800, బేరింగులూ సీళ్లూ నూనే 4,900, మొత్తం 12,700 రూపాయలని రాసిచ్చారు. చేసిన పనికి ఎక్కువ కాదు.

ఒక్క విషయంలో మేం ఏకీభవించలేదు. రెండో గేరు సింక్రో రింగుకూ గేరుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో చూసి, ఇంకో ఏడాది వస్తుంది, దండగ ఎందుకు మాస్టారూ అన్నారు. పెట్టె విప్పి ఉన్నప్పుడే మార్చేయడం మేలని నేనన్నాను. మా తమ్ముడు ఆయన మాటే విన్నాడు. 7,000 కిలోమీటర్ల తర్వాత గేర్‌బాక్సు నూనె ప్లగ్గు విప్పి చూస్తే దాని అయస్కాంతం మీద మెత్తని నల్ల ముద్దే తప్ప ఉక్కు పొలుసు ఒక్కటీ లేదు, ఊళ కూడా లేదు. రెండో గేరు మాత్రం చలి ఉదయాల్లో పడేముందు కర్రుమంటోంది.